ఎనభై గడుల ఫైలు పీసీకి దిగిన కథ

మెయిన్‌ఫ్రేమ్‌లోని మామూలు ఫైల్లో పంక్తి ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ఉండదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో టెక్స్ట్ ఫైలంటే అక్షరాల వరస. ప్రతి పంక్తి చివరా కంటికి కనిపించని ఒకటి రెండు అక్షరాలు ఉండి, అక్కడితో పంక్తి అయిందని చెబుతాయి. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఫైలు రికార్డులుగా ఉంటుంది. చాలా ఫైళ్లలో రికార్డులన్నీ ఒకే పొడవు. ఆ పొడవు ఎంతో ఫైలు లోపల రాసి ఉండదు. డిస్కు మీద ఆ ఫైలు గురించి విడిగా నమోదు చేసిన వివరాల్లో ఉంటుంది. అటువంటి ఫైలును పీసీకి దించుకుని, అక్కడి ఎడిటర్‌లో దిద్ది, తిరిగి పైకి పంపే పద్ధతి 1980లలో మొదలైంది. అప్పటినుంచి ఆ పనిలో తలెత్తిన చిక్కుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే: అక్షరాలు ప్రయాణం చేస్తాయి, ఫైలు ఆకారం వెనకే ఉండిపోతుంది. ఆ ఆకారం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే గానీ చిక్కు ఎక్కడుందో దొరకదు.

ఆ ఆకారం పంచ్ కార్డుది. 1890 అమెరికా జనాభా లెక్కల కోసం హెర్మన్ హొలరిత్ చిల్లుల కార్డులను లెక్కించే యంత్రాలు తయారు చేశాడు. ఆయన పెట్టిన సంస్థ తర్వాత ఐబీఎంగా మారిన కంపెనీలో కలిసింది. 1928లో ఐబీఎం గుండ్రటి చిల్లులు మానేసి సన్నటి నిలువు చిల్లులు పెట్టింది; దాంతో ఒక కార్డులో 80 గడులు పట్టాయి. ఒక గడికి ఒక అక్షరం, ఒక కార్డుకు ఒక పంక్తి. 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ భాష తన పంక్తిని ఆ కార్డు కొలతలోనే కత్తిరించుకుంది. 1 నుంచి 6 గడుల్లో వరుస సంఖ్య. 7వ గడిలో వ్యాఖ్య అయితే నక్షత్రం, పై పంక్తికి కొనసాగింపు అయితే అడ్డగీత. 8 నుంచి 11 వరకు శీర్షికలు, పేరాల పేర్లు మొదలవుతాయి. 12 నుంచి 72 వరకు ఆదేశాలు. మిగిలిన ఎనిమిది గడులు, అంటే 73 నుంచి 80 వరకు, ప్రోగ్రామ్ గుర్తింపుకూ వరుస సంఖ్యకూ వదిలేశారు. కార్డుల కట్ట చేయిజారి నేలమీద చెల్లాచెదురైతే ఆ సంఖ్యల ఆధారంగా సార్టింగ్ యంత్రం మళ్లీ వరుసలో పెట్టేది. ఆ ఎనిమిది గడుల్లో ఏముందో కంపైలర్ చూడదు. కార్డులు వాడుకలోంచి పోయి దశాబ్దాలు గడిచినా ఆ చూడకపోవడం మాత్రం పోలేదు.

యంత్రానికి పని ఎలా చేయాలో చెప్పే జేసీఎల్ కూడా కార్డు బిడ్డే. ప్రతి ఆదేశం మొదటి రెండు గడుల్లో // గుర్తుతో మొదలు కావాలి. ఆదేశం 71వ గడితో ముగియాలి. 72వ గడి కొనసాగింపు గుర్తుకు, ఆ తర్వాతివి వరుస సంఖ్యకు. ఇక్కడ ఒక్క గడి పక్కకు జరిగినా ఆదేశం ఆదేశం కాకుండా పోతుంది.

అక్షరాల సంకేతం కూడా కార్డునుంచే వచ్చింది. కార్డు మీద ఎ నుంచి ఐ వరకు తొమ్మిది ఆంగ్ల అక్షరాలకు పై వరుసలో ఒక చిల్లు, దాంతోపాటు 1 నుంచి 9 అంకెల్లో ఒక చిల్లు. జె నుంచి ఆర్ వరకు రెండో వరుస. ఎస్ నుంచి జెడ్ వరకు సున్నా వరుసతో 2 నుంచి 9. ఐబీఎం 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించినప్పుడు ఎనిమిది బిట్ల బైటును తెచ్చి, ఈ అమరికనే అందులో పెట్టింది. అదే ఎబ్సిడిక్. అందులో పెద్దక్షరాలు హెక్సాడెసిమల్ లెక్కలో సి1 నుంచి సి9, డి1 నుంచి డి9, ఇ2 నుంచి ఇ9 వరకు మూడు ముక్కలుగా ఉంటాయి, మధ్యలో ఖాళీలు. అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9. ఖాళీ గడికి 40. అంతకు ఏడాది ముందే, 1963లో, అమెరికా ప్రమాణాల సంస్థ ఆస్కీ సంకేతాన్ని ప్రచురించింది. అందులో అక్షరాలు 41 నుంచి ఎడతెగకుండా సాగుతాయి, అంకెలు 30 నుంచి, ఖాళీ 20. ఆస్కీని తీర్చిదిద్దిన వాళ్లలో ఐబీఎం ఉద్యోగి బాబ్ బీమర్ ముఖ్యుడు. సిస్టమ్/360లో ఆస్కీ కోసం ఒక బిట్ కూడా కేటాయించారు. కానీ కార్డు రీడర్లు, ప్రింటర్లు, అప్పటికే పోగుపడిన కోట్ల కార్డులు పాత సంకేతంలో ఉన్నాయి. ఆ బిట్ వాడకంలోకి రాలేదు. సిస్టమ్/370 వచ్చేసరికి తీసేశారు. 1968 మార్చిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రభుత్వ కంప్యూటర్లన్నీ ఆస్కీని అర్థం చేసుకోవాలని ఆదేశించినా బ్యాంకుల, బీమా కంపెనీల టేపుల మీద ఎబ్సిడిక్ అలాగే ఉండిపోయింది.

సిస్టమ్/360ను నడిపే ఆపరేటింగ్ వ్యవస్థ ఓఎస్/360 ఫైలును డేటాసెట్ అంది. దాని స్వరూపం మూడు విలువల్లో ఉంటుంది: రికార్డు తీరు, రికార్డు పొడవు, ఒకేసారి డిస్కు మీదికి వెళ్లే దిమ్మె పరిమాణం. సోర్సు ప్రోగ్రాముకు స్థిర పొడవు, 80 బైట్లు. పొడవు మారే రికార్డులయితే ప్రతి రికార్డు ముందూ నాలుగు బైట్ల పొడవు గుర్తు ఉంటుంది. ఒకే డేటాసెట్‌లో చాలా ప్రోగ్రాములు దాచుకునే ఏర్పాటు కూడా చేశారు. దాని లోపలి ఒక్కో ప్రోగ్రామును మెంబర్ అంటారు. పేరు ఎనిమిది అక్షరాలకు మించకూడదు. ఈ ఏర్పాటులో ఒక లక్షణం ముందు ముందు పీసీ వాళ్లను ఇబ్బంది పెట్టింది. మెంబర్‌ను దిద్ది దాచిన ప్రతిసారీ కొత్త ప్రతి ఖాళీ జాగా మొదట్లో చేరుతుంది. పాత ప్రతి చోటు అలాగే మూతపడి ఉంటుంది. ఎవరో ఒకరు డేటాసెట్‌ను కుదించేదాకా ఆ జాగా తిరిగి చేతికి రాదు.

ఇటువంటి ఫైళ్లను తెర మీద దిద్దడం 1971లో సాధ్యమైంది. టీఎస్‌ఓ అనే, టెర్మినల్ నుంచే యంత్రాన్ని వాడుకునే ఏర్పాటు, 3270 కుటుంబం టెర్మినళ్లు ఆ ఏడాదే వచ్చాయి. 3277 టెర్మినల్ పెద్ద తెర మీద 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు. కార్డు వెడల్పే మళ్లీ. 1970ల మధ్యలో ఐబీఎం ఎస్‌పీఎఫ్ అనే పూర్తి తెర ఎడిటర్‌ను తెచ్చింది. అదే తర్వాత ఐఎస్‌పీఎఫ్ అయింది. ఎడమ పక్క పంక్తి సంఖ్యల మీద ఒక అక్షరం కొడితే పంక్తి చేరుతుంది, పోతుంది, కదులుతుంది, రెండింతలవుతుంది. ఆ ఎడిటర్ మీద చేయి తిరిగిన వాళ్ల వేగం చూడవలసిందే. డెస్క్‌టాప్ తరం దాన్ని పాతకాలపు వస్తువుగా చూసింది గానీ, అది తెర వెనక చేసే పనుల జాబితా చాలా పొడుగు. రికార్డు పొడవు దానికి తెలుసు, కాబట్టి 81వ అక్షరం కొట్టనివ్వదు. చివరి గడుల్లో వరుస సంఖ్యలు ఉన్నాయేమో చూసి, ఉంటే వాటిని పక్కన పెట్టి చూపిస్తుంది. ఒకరు దిద్దుతున్న మెంబర్‌ను ఇంకొకరు తెరిస్తే వాడుకలో ఉందని చెప్పి ఆపుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎన్నోసారి దిద్దారో డైరెక్టరీలో రాస్తుంది. తెర మీద చూపలేని బైట్లు ఉంటే ముందే హెచ్చరిస్తుంది. ఈ పనులేవీ ప్రోగ్రామర్ అడగలేదు, గమనించనూ లేదు. పీసీ ఎడిటర్‌కు మారిన రోజే వాటి లోటు తెలిసింది.

ఐబీఎం పీసీ 1981 ఆగస్టులో వచ్చింది. మరుసటి ఏడాది డీసీఏ కంపెనీ ఇర్మా కార్డును తెచ్చింది. దాన్ని పీసీలో పెడితే పీసీయే 3270 టెర్మినల్‌గా పనిచేసేది. 1983లో ఐబీఎం సొంతంగా 3270 పీసీ విడుదల చేసింది. ఫైళ్లను ఇటూ అటూ మోయడానికి ఐఎన్‌డీ‌డాలర్‌ఫైల్ అనే ప్రోగ్రామ్ ఉండేది. టెర్మినల్ తెర మీద అక్షరాలు నడిచే దారిలోనే అది ఫైలును తెర తెరగా పంపేది. రెండు ఐచ్ఛికాలు అందులో కీలకం: ఒకటి ఎబ్సిడిక్‌ను ఆస్కీగా మార్చమని, రెండోది ప్రతి రికార్డు చివరా పంక్తి ముగింపు చేర్చమని. రెండూ పెడితే చదవదగ్గ ఫైలు వస్తుంది. మొదటిది మరిస్తే తెర నిండా అర్థంలేని గుర్తులు. రెండోది మరిస్తే ప్రోగ్రామంతా ఒకే ఒక్క పొడుగాటి పంక్తిగా దిగుతుంది. ఈ రెండో తప్పు ఇప్పటికీ మామూలే. చూడగానే గుర్తుపట్టవచ్చు: ఫైలు పరిమాణం సరిగ్గా 80తో భాగించబడుతుంది.

పీసీలో కూడా పాత ఎడిటర్ రుచి కోరుకున్న వాళ్లకు ఎస్‌పీఎఫ్/పీసీ వంటి అనుకరణలు వచ్చాయి. ఐబీఎం వీఎం వ్యవస్థలోని ఎక్సెడిట్ పద్ధతికి అలవాటుపడిన వాళ్లకు మ్యాన్స్‌ఫీల్డ్ సంస్థ 1983లో కెడిట్ తెచ్చింది. వీటి విలువ నోస్టాల్జియాలో లేదు. 72వ గడి ఎక్కడుందో ఇవి చూపించేవి. సాధారణ పీసీ ఎడిటర్లకు ఆ ఊహే లేదు. డాస్ కాలపు ఎడిటర్లకు ఇంకో అలవాటు ఉండేది: ఫైలు చివర 1ఎ అనే బైటు పెట్టడం. డాస్‌కు ముందటి సీపీ/ఎం వ్యవస్థ రోజుల్లో ఫైలు ముగింపుకు అదే గుర్తు. పైకి పంపాక అది ఫైలు చివర ఒక అదనపు రికార్డుగా తేలేది. మొత్తం రికార్డులు లెక్కపెట్టి సరిచూసే ప్రోగ్రాము ఒక్కటి ఎక్కువైందని ఆగిపోయేది.

తర్వాత మోత బాధ్యత ఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతి తీసుకుంది. 1985 అక్టోబరులో ఖరారైన దాని ప్రమాణంలో ఎబ్సిడిక్‌కు కూడా ఒక రకం ఉంది, కానీ వాడుకలో నిలిచినవి రెండే: టెక్స్ట్, బైనరీ. మెయిన్‌ఫ్రేమ్ ఎఫ్‌టీపీ సర్వర్ కొత్త డేటాసెట్ తయారు చేయాల్సి వస్తే, ఎవరూ ఏమీ చెప్పకపోతే, పొడవు మారే రికార్డులు, గరిష్ఠం 256 బైట్లు అనే విలువలు తీసుకునేది. 80 బైట్ల స్థిర రికార్డు ఆశించే పనికి ఆ ఫైలు ఇస్తే తెరిచే దశలోనే ఎస్013 అనే ఆగుడు. ఫైలు లోపల ఒక్క అక్షరమూ తప్పు లేదు. ఎడిటర్‌లో ఎంత వెతికినా ఏమీ కనబడదు. పంపే ముందు సైట్ ఆదేశంతో పొడవు, తీరు చెబితే సరిపోతుంది. ఇప్పటికే ఉన్న డేటాసెట్ మీదికి పంపినప్పుడు దాని పొడవే చెల్లుతుంది, కానీ పంక్తి అంతకంటే పొడుగుంటే సర్వర్ అమరికను బట్టి మిగతా ముక్క తెగిపోతుంది, లేదా కింది రికార్డులోకి పొర్లుతుంది.

చిక్కుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనవి చప్పుడు చేయనివి. 73వ గడి అలాంటిది. పాత శైలి కోబాల్‌లో షరతు వాక్యం పరిధి చివరి చుక్కతో ముగుస్తుంది. ఒక షరతు కింద పొడుగాటి ఆదేశం ఉంది, దాని చుక్క 70వ గడిలో ఉంది అనుకుందాం. పీసీ ఎడిటర్‌లో ఒక చరరాశి పేరును పొడిగించి అన్నిచోట్లా ఒకేసారి మార్చారు. చుక్క 73కు జరిగింది. తెర మీద చూస్తే వాక్యం నిండుగా, చుక్కతో సహా ఉంది. కంపైలర్‌కు చుక్క లేదు. కింది పంక్తిలోని ఆదేశం కూడా షరతు లోపలికి పోయింది. కంపైల్ సాఫీగా అవుతుంది. నెలాఖరు లెక్కల్లో తేడా వస్తుంది. ఐఎస్‌పీఎఫ్‌లో ప్రామాణిక సంఖ్యల పద్ధతి పెట్టుకున్న వాడికి ఆ చివరి గడులు దిద్దడానికే దొరకవు కాబట్టి ఈ తప్పు జరిగే అవకాశం తక్కువ. ఈ కారణంగానే ఏ డెస్క్‌టాప్ ఎడిటర్ వాడినా 72 దగ్గర నిలువు గీత పెట్టుకోవడం ఈ వృత్తిలో మొదటి పాఠం అయింది.

ట్యాబ్ దీనికి తమ్ముడు. పీసీలో ట్యాబ్ నొక్కితే కంటికి నాలుగో ఎనిమిదో ఖాళీలు కనిపిస్తాయి. ఫైల్లో చేరేది ఒక్క బైటు. మెయిన్‌ఫ్రేమ్‌కు చేరాక అది ఎబ్సిడిక్ 05 అవుతుంది, ఒకే గడి ఆక్రమిస్తుంది, దాని తర్వాతిదంతా ఎడమకు జరుగుతుంది. 12వ గడిలో ఉన్నట్టు కనిపించిన ఆదేశం 8వ గడిలోకి వచ్చి పడవచ్చు. ట్యాబ్‌ను దాచే ముందే ఖాళీలుగా మార్చే అమరిక దాదాపు ప్రతి ఎడిటర్‌లోనూ ఉంది.

పంక్తి చివరి ఖాళీలది ఇంకో రకం కథ. స్థిర రికార్డును టెక్స్ట్‌గా దించేటప్పుడు ఎఫ్‌టీపీ సర్వర్ చివరి ఖాళీలను మామూలుగా తీసేస్తుంది. తిరిగి పంపినప్పుడు ఖాళీలతో నింపుతుంది. స్థిర రికార్డుకు నష్టం లేదు. పొడవు మారే రికార్డులకు మాత్రం ఆ ఖాళీలు సమాచారంలో భాగమే. చివరి క్షేత్రం ఖాళీగా ఉన్న రికార్డు పొడవు తగ్గిపోయి, అది వేరే రకం రికార్డని చదివే ప్రోగ్రాము పొరబడుతుంది. చాలా ఆధునిక ఎడిటర్లు ఫైలు దాచేటప్పుడు చివరి ఖాళీలను శుభ్రం చేసే సౌకర్యం ఇస్తాయి. మంచి అలవాటే, ఈ ఫైళ్లకు తప్ప.

అక్షర సంకేతాల చిక్కు ఒక దేశంలో ఒకలా ఉంటుంది. ఎబ్సిడిక్ నిజానికి ఒకటి కాదు. అమెరికాలో 037 అనే పట్టిక, బ్రిటన్‌లో 285, జర్మనీలో 273, అంతర్జాతీయ వాడుకకు 500, యూనిక్స్ తరహా పనులకు 1047. ఆంగ్ల అక్షరాలు, అంకెలు అన్నిటా ఒకచోటే ఉంటాయి. గుర్తులు తిరుగుతుంటాయి. చదరపు బ్రాకెట్లు [ ] 037లో బిఎ, బిబి. 1047లో ఎడి, బిడి. సి భాషలో వరుసల పట్టికను మామూలుగా బ్రాకెట్లతోనే రాస్తారు. పీసీలో సరిగ్గా ఉన్న సి ప్రోగ్రాము తప్పు పట్టికతో పైకి పోతే, మొదటి బ్రాకెట్ దగ్గరే కంపైలర్ కూలబడేది. పీఎల్/ఐ ప్రోగ్రాముల్లో కాదు అనే అర్థంలో వాడే ¬ గుర్తు 037లో 5ఎఫ్. అదే బైటు 1047లో ^ అవుతుంది. ఏ గుర్తును కాదుగా తీసుకోవాలో చెప్పడానికి పీఎల్/ఐ కంపైలర్‌లో ఒక ఐచ్ఛికమే పెట్టాల్సి వచ్చింది. అమెరికా డాలరు స్థానమైన 5బిలో బ్రిటన్ పట్టికలో పౌండ్ గుర్తు కూర్చుంది. డేటాసెట్ పేర్లలో డాలరు అనుమతి ఉంది. వ్యవస్థ చూసేది బైటును. కాబట్టి అమెరికాలో డాలరుతో పెట్టిన పేరు బ్రిటిష్ తెర మీద పౌండుతో కనిపించేది. డెస్క్‌టాప్ ఎడిటర్‌లో ఆ పేరును వెతికితే దొరకదు.

వరుసక్రమం కూడా మారుతుంది. ఆస్కీలో అంకెలు ముందు, పెద్దక్షరాలు తర్వాత, చిన్నక్షరాలు ఆఖరు. ఎబ్సిడిక్‌లో చిన్నక్షరాలు ముందు, అంకెలు ఆఖరు. రెండు ఫైళ్లను పక్కపక్కన చదువుతూ జతపరిచే ప్రోగ్రాము రెండూ ఒకే క్రమంలో ఉంటాయని నమ్ముతుంది. పట్టికను పీసీ ఎడిటర్‌లో సార్ట్ చేసి పంపితే, అంకెతో మొదలయ్యే ఖాతాలు పైకి వస్తాయి, ఆ ప్రోగ్రాము ఉన్న ఖాతాలనే లేవని చెబుతుంది.

సోర్సు ఫైళ్ల సంగతి ఇది. డేటా ఫైళ్లను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచినప్పుడు జరిగేది ఇంతకంటే లోతైనది. కోబాల్‌లో డబ్బు లెక్కలు సాధారణంగా ప్యాక్డ్ డెసిమల్‌లో దాస్తారు: ఒక బైటుకు రెండు అంకెలు, ఆఖరి అర బైటులో గుర్తు. ధనమైతే సి, రుణమైతే డి. 1254 అనే మొత్తం మూడు బైట్లలో 01, 25, 4సి అని ఉంటుంది. ఆ ఫైలును టెక్స్ట్‌గా దించితే మార్పిడి పట్టిక ఈ బైట్లను అక్షరాలనే అనుకుంటుంది. ఎబ్సిడిక్‌లో 25 అంటే పంక్తి మార్పు. అది ఆస్కీ 0ఎ అవుతుంది. 4సి అంటే < గుర్తు. అది 3సి అవుతుంది. ఎడిటర్‌లో ఆ రికార్డు సరిగ్గా మొత్తం మధ్యలో రెండు పంక్తులుగా విరిగి కనిపిస్తుంది. దించిన వ్యక్తి ఏమీ దిద్దకపోయినా, దాన్ని బైనరీగా తిరిగి పంపితే మెయిన్‌ఫ్రేమ్‌కు చేరే బైట్లు 01, 0ఎ, 3సి. అంకె ఉండాల్సిన చోట ఎ ఉంది. కూడిక చేయబోయిన క్షణాన ఎస్0సి7 అనే ఆగుడు వస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్లు దాన్ని సాక్ సెవెన్ అంటారు. రాత్రి షిఫ్టులో ఫోను మోగడానికి అతి సాధారణ కారణాల్లో అదొకటి. 1254 కాకుండా వేరే మొత్తమైతే పంక్తి విరగకపోవచ్చు, విలువ మాత్రం మారే అవకాశం అలాగే ఉంటుంది. అందువల్ల ప్యాక్డ్ క్షేత్రాలున్న ఫైలును టెక్స్ట్‌గా మార్చి దిద్దడానికి సురక్షితమైన పద్ధతంటూ లేదు. అంకెలను ముందు మెయిన్‌ఫ్రేమ్ మీదే చదవదగ్గ రూపంలోకి విప్పి, అప్పుడు దించాలి.

గుర్తున్న మామూలు అంకెలు కూడా కొత్తవాళ్లను తడబెడతాయి. రుణ సంఖ్య 123ను ఎఫ్1 ఎఫ్2 డి3గా దాస్తారు. ఎడిటర్‌లో అది 12 పక్కన ఆంగ్ల ఎల్ అక్షరంగా కనిపిస్తుంది. ఫైలు చెడిపోయిందనుకుని ఆ ఎల్‌ను 3గా దిద్దితే రుణం కాస్తా ధనంగా మారుతుంది.

ఈ చరిత్రలో హైదరాబాద్‌కు చోటు దొరకడం 1990లలో. 1978లో ఐబీఎం భారత్ నుంచి వెళ్లిపోయాక దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ చేతికొచ్చింది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ సొంత కంప్యూటర్లు తయారు చేసేది. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ వంటి సంస్థలు విదేశీ ఖాతాదారుల ప్రోగ్రాములు ఇక్కడినుంచి నడిపే పద్ధతిలో ఎదిగాయి. 2000 సంవత్సరం సమస్య దగ్గరపడేకొద్దీ కోబాల్, జేసీఎల్ తెలిసిన వాళ్లకు గిరాకీ పెరిగింది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలు వాటినే నేర్పాయి. అక్కడ చేరిన వాళ్లలో చాలామందికి ముందు పరిచయమైంది పీసీ. ఎడిటర్ అంటే ఎక్కడైనా క్లిక్ చేసి కొట్టేదన్న అలవాటుతో వాళ్లు 3270 తెర ముందు కూర్చున్నారు. 2000 సంవత్సరం సమస్య తీర్చే పనిలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం ఒక దారి. దానివల్ల రికార్డు రెండు బైట్లు పొడుగవుతుంది. ఆ ఫైలును తాకే ప్రతి ప్రోగ్రాములో, ప్రతి జేసీఎల్‌లో పొడవు మారాలి. ఏ ఒక్క చోట మరిచినా క్షేత్రాలన్నీ పక్కకు జరుగుతాయి. అందుకే చాలాచోట్ల పొడవు ముట్టుకోకుండా, ఒక సంఖ్యకు దిగువనున్న సంవత్సరాలను 2000ల కిందా పైవాటిని 1900ల కిందా లెక్కించే పద్ధతిని ఎంచుకున్నారు. ఫైలు ఆకారాన్ని మార్చడం ఎంత ఖరీదో దీన్నిబట్టే తెలుస్తుంది.

పీసీలో యూనికోడ్ స్థిరపడ్డాక పాత చిక్కులకు కొత్తవి తోడయ్యాయి. కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో ఇఎఫ్, బిబి, బిఎఫ్ అనే మూడు బైట్ల గుర్తు పెడతాయి. తెర మీద అది కనిపించదు. సర్వర్ దాన్ని మూడు అక్షరాలుగా మార్చితే జేసీఎల్ మొదటి పంక్తిలోని // నాలుగో గడికి జరుగుతుంది. పని మొత్తం తిరస్కరణకు గురవుతుంది. పంక్తిని ఎన్నిసార్లు చూసినా తప్పు కనబడదు. వర్డ్‌లో రాసిన పత్రంలోంచి ఆదేశాలు నకలు చేసుకుంటే వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు, పొడుగు అడ్డగీతలు వెంట వస్తాయి. ఒంటి బైటు ఎబ్సిడిక్ పట్టికలో వాటికి చోటు ఉండకపోవచ్చు; అప్పుడు వాటి బదులు 3ఎఫ్ అనే ప్రత్యామ్నాయ బైటు చేరుతుంది. తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే ఉంది, కానీ 1047 పట్టికలోని 256 గడుల్లో తెలుగుకు ఒక్కటీ లేదు. వ్యాఖ్యలో తెలుగు మాట రాసిన ఫైలును ఆ పట్టికకు మారిస్తే ప్రతి తెలుగు అక్షరమూ ప్రత్యామ్నాయ బైటవుతుంది. తిరిగి దించినా అక్షరాలు రావు.

ఇన్ని కారణాల మధ్య తప్పును వెతకడానికి అనుభవజ్ఞులు ఒక క్రమం ఏర్పరచుకున్నారు, అది ఇప్పటికీ చెల్లుతుంది. ముందు ఎడిటర్‌ను అనుమానించకుండా మోతను పరీక్షిస్తారు: ఫైలును దించి, ఏమీ దిద్దకుండా వేరే పేరుతో తిరిగి పంపి, ఐఎస్‌పీఎఫ్‌తో వచ్చే సూపర్‌సి అనే పోలిక సాధనంతో రెంటినీ సరిచూస్తారు. తేడా ఉంటే లోపం మోతలోనే. లేకపోతే ఎడిటర్‌లో దాచి మళ్లీ పంపుతారు. ఇప్పుడు తేడా వస్తే ట్యాబ్, చివరి ఖాళీలు, ఫైలు మొదటి గుర్తు వంటివి కారణం. ఆ తర్వాత చూసేది బైట్లను. ఐఎస్‌పీఎఫ్‌లో హెక్స్ ఆన్ అంటే ప్రతి పంక్తి మూడు వరుసలవుతుంది: పైన అక్షరం, దాని కింద బైటులోని మొదటి సగం, ఆ కింద రెండో సగం. ఖాళీ అనుకున్న చోట 4, 0 కాకుండా 0, 5 ఉంటే అది ట్యాబ్. ఫైండ్ ఆదేశంలో పి తర్వాత కొటేషన్లలో చుక్క పెడితే చూపలేని బైటు ఉన్న చోటికి తీసుకెళుతుంది. వందల పంక్తుల్లో దాగిన ఒక్క బైటును పట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

పీసీకి దించిన ఫైలుకు తాళం, అంటే ఇంకొకరు దిద్దకుండా ఆపే ఏర్పాటు, లేకపోవడం వల్ల వచ్చిన నష్టం ఏ బైటులోనూ కనబడదు. పొద్దున ఒకరు ఫైలును పీసీకి దించారు; మధ్యాహ్నం మరొకరు ఐఎస్‌పీఎఫ్‌లో దిద్దారు; సాయంత్రం మొదటి వ్యక్తి తన ప్రతిని పంపారు. మధ్యాహ్నపు మార్పు మాయం. దిద్దిన వాళ్ల వివరాలు రాసే సౌకర్యం సర్వర్‌లో పెట్టుకోకపోతే ఎవరు తుడిచారో కూడా జాడ ఉండదు. పీసీ వాళ్లకు నిమిషానికోసారి దాచే అలవాటు ఉంది. దాచిన ప్రతిసారీ కొత్త ప్రతి చేరే పాత తరహా డేటాసెట్ ఆ జోరుకు నిండిపోయి, ఎస్ఇ37 అనే ఆగుడుతో మొరాయిస్తుంది. ఆ మొరాయింపు లోపలి మెంబర్ల దోషం కాదు, కుదిస్తే తీరుతుంది.

2001లో ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ వేదిక వచ్చాక ఐబీఎం దాని మీద మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్లకు సాధనాలు కట్టింది. అవి ఫైలును ఆకారం వివరాలతో సహా తెచ్చి, ఎడిటర్‌లో గడులను గౌరవించి, మెంబర్‌కు తాళం వేసి దిద్దనిచ్చాయి. 2018 ఆగస్టులో ఐబీఎం, సీఏ, రాకెట్ సంస్థలు లినక్స్ ఫౌండేషన్ నీడలోని ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టులో జోవే అనే సాధనాల సమూహాన్ని ప్రకటించాయి. విజువల్ స్టూడియో కోడ్‌లో దాని ఎక్స్‌ప్లోరర్ చేర్చుకుంటే డేటాసెట్లు చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి, మెంబర్‌ను నొక్కితే తెరుచుకుంటుంది. లోపల జరిగేది దించడం, పంపడమే. కాకపోతే దించినప్పుడు సర్వర్ ఆ ప్రతికి ఒక గుర్తింపు ముద్ర ఇస్తుంది. తిరిగి పంపేటప్పుడు ముద్ర సరిపోకపోతే మధ్యలో ఇంకొకరు మార్చారని చెప్పి, రెండు ప్రతులనూ పక్కపక్కన చూపిస్తుంది. ఐఎస్‌పీఎఫ్ తాళం ఇచ్చిన రక్షణలో చాలా భాగం అలా తిరిగి వచ్చింది.

సోర్సును గిట్ అనే మార్పుల నమోదు వ్యవస్థలోకి మార్చేటప్పుడు మరో పాత అలవాటు బయటపడింది. కొందరు ప్రోగ్రామర్లు హెక్స్ ఆన్ చేసి, కోబాల్ కొటేషన్ల మధ్యే 15 లేదా 25 వంటి నియంత్రణ బైట్లను నేరుగా కొట్టేవారు; ప్రింటర్‌కో, టెర్మినల్‌కో పంపే వరుసల్లో అవి అవసరం. గిట్ ఆ ఫైలును యూటీఎఫ్-8లో పంక్తుల లెక్కన దాస్తుంది. కొటేషన్ మధ్యనున్న బైటు పంక్తి మార్పుగా మారి, వాక్యం విరిగి, తిరుగు ప్రయాణంలో రెండు రికార్డులవుతుంది. ఇలాంటి బైట్లున్న మెంబర్లను ముందే పసిగట్టే మార్పిడి సాధనాలను ఐబీఎం ఇచ్చింది. పసిగట్టిన చోట కోబాల్‌లో హెక్సాడెసిమల్ విలువను అక్షరాలుగా రాసే పద్ధతికి మార్చి, అప్పుడు తరలిస్తారు. మార్చడానికి వీల్లేని మెంబర్‌ను బైనరీగా ఉంచేస్తారు. ప్యాక్డ్ అంకెలున్న డేటా ఫైళ్లు మాత్రం గిట్‌కూ రావు, డెస్క్‌టాప్ ఎడిటర్‌కూ రావు. వాటిని ఫైల్-ఎయిడ్, ఐబీఎం ఫైల్ మేనేజర్ వంటి సాధనాల్లో తెరుస్తారు. అవి ప్రోగ్రాములోని రికార్డు వివరణను ఫైలు మీద పరిచి, ఏ బైట్లు ఏ క్షేత్రమో చూసి, ప్రతి అంకెనూ విప్పి చూపించి, దిద్దాక మళ్లీ అదే రూపంలో మడిచి పెడతాయి.